కాయితం అడగకుండ బడి తలుపు తెరువుండ్రి
(ఇబ్రహీంపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

 

యుద్ధం నడిచే దేశంలో పిల్లల గతి ఏందంటే మనకు గాజా యాదికొస్తది, ఉక్రెయిన్ యాదికొస్తది. రావాల్సిందే. కానీ గోదావరి దాటి ఇంకొంత దూరం పోతే బస్తర్. అది మన దేశమే. 2005 జూన్‌లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. ఊర్లు కాలబెట్టిన్రు, జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకు తోలిన్రు. క్యాంపులకు పోనోళ్లు పిల్లలను ఎత్తుకొని, అడవిల పడి, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చిన్రు. వాళ్లనే మనం గొత్తికోయలు అంటున్నం. సాయుధ ఘర్షణల్లోకి పిల్లలను లాగొద్దనే అంతర్జాతీయ ఒప్పందాన్ని మన ప్రభుత్వం ఆమోదించింది కూడా ఆ 2005 సంవత్సరమే, నవంబర్‌లో. ఢిల్లీల సంతకం, దంతెవాడల మంట.

అక్కడ బడులు ఏమైనయి? కొన్నిట్ల పోలీసు బలగాలు దిగినయి. కొన్నిటిని మావోయిస్టులు పేల్చిన్రు. రెండు దిక్కుల నుంచి పిల్లల మీదనే పడ్డది, ఈ మాట దాచిపెట్టి మాట్లాడితే మనది హక్కుల మాట కాదు. మావోయిస్టులు బాల సంఘాలు పెట్టిన్రు. ప్రభుత్వం దిక్కు నుంచి ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి, నెలకు 3,000 రూపాయలిచ్చి, ఆదివాసీ పోరగాండ్ల చేతుల్ల తుపాకులు పెట్టిన్రు. అయిదో తరగతి పాసైనోళ్లకు ముందు అవకాశమట! నాలుగు అక్షరాలు నేర్చుకున్నందుకు దొరికిన కొలువు అది. 2011 జులై 5న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమన్నది. ఆ తీర్పు రాసిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన తెలంగాణాయనే. బడుల నుంచి బలగాలు ఖాళీ చేయాలనీ అదే కేసుల కోర్టు చెప్పింది.

ఇంతదాకా మీకు తెలిసిన సంగతే కావచ్చు. నేను చెప్పదల్చుకున్నది ఆ పిల్లలు నది దాటి ఇవతలికి వచ్చినంక జరిగింది. తుపాకి మోత ఆగింది, కాయితాల గోస మొదలైంది. పుట్టిన సర్టిఫికెట్ లేదు, అది ఊరితోనే కాలిపోయింది. ఛత్తీస్‌గఢ్‌ల ఆ తెగలు షెడ్యూల్డ్ తెగలే. ఇక్కడికి వస్తే కుల సర్టిఫికెట్ ఇయ్యరు, వలసొచ్చినోళ్లంటరు. నది దాటితే ఆదివాసీ ఆదివాసీ కాకుండ పోతడా? పోడు చేసుకుందామంటే ఫారెస్టోళ్లొస్తరు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి అడవిల జలగలంచ గుడిసెలు కూల్చిన్రు. గుడిసె కూలినప్పుడల్లా పిల్లకు బడి కూడా పోతది. ఆఖరికి మిగిలేది మిరప చేను. 2020 ఏప్రిల్‌ల, లాక్‌డౌన్‌ల, ములుగు జిల్లా మిరప చేన్ల నుంచి బీజాపూర్ దిక్కు నడుస్తూ 12 ఏండ్ల పిల్ల ఇల్లు చేరకముందే పాణం ఇడిచింది. బడిల ఉండాల్సిన పిల్ల.

"మా జగిత్యాలకు గొత్తికోయలు రాలేదు కదా" అని మీరు అనుకోవచ్చు. మరి 1978 అక్టోబర్‌ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది ఎవరికి యాది లేదు? అప్పటి పిల్లలు ఇప్పుడు యాభై దాటిన పెద్దమనుషులు, ఇక్కడనే కూసున్నరు. ఇంకో మాట. కాయితం లేని బతుకు ఎట్లుంటదో గల్ఫ్‌ల కల్లివెల్లి అయినోళ్ల ఇండ్లల్ల నేను చెప్పాల్నా? దుబాయిల మనోళ్లు పడ్డ గోసనే ఈ పిల్లలు మన రాష్ట్రంల పడుతున్నరు. ఒడిశా నుంచి పెద్దపల్లి దిక్కు ఇటుక బట్టీలకు తల్లిదండ్రుల ఎంబడి వచ్చే పిల్లలను తరిమింది యుద్ధం కాదు, కరువు. అయినా బడి గేటు కాడ వాళ్లను అడిగేది అదే కాయితం.

చట్టం మాత్రం ఆ కాయితం అడగమంటలేదు. 2009 విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ చదువుండ్రి: వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లకూ అడ్మిషన్ నిరాకరించొద్దు. 4వ సెక్షన్: బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిల చేర్చుకొని, తోటి పిల్లలను అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ ఇయ్యాలె. పదేండ్ల పిల్లను ఒకటో తరగతిల కూసోబెడితే సిగ్గుపడి వారంల మానేస్తది. 29వ సెక్షన్: వీలైనంత వరకు తల్లిభాషల చదువు. కోయ, గోండి తప్ప ఇంకోటి తెలువని పిల్ల ముందు తెలుగు వాచకం పెట్టి, "ఈ పిల్లకు చదువు ఎక్కదు" అంటే తప్పు ఎవరిది?

మనం చేయాల్సింది చిన్న పనే, కానీ తిరగాలె. జూన్‌ల బడిబాట ర్యాలీ పెద్ద రోడ్డు మీద తిరిగి, ఫొటో దిగి, ఎన్కకొస్తది. దాన్ని బట్టీల దాకా, అడవిల గుంపుల దాకా తీసుకపోవాలె. పంతులు కాయితం అడిగితే 14వ సెక్షన్ చూపియ్యాలె, కొట్లాట పెట్టుకోవద్దు, చానామందికి నిజంగనే తెల్వదు. అయినా కాదంటే 32వ సెక్షన్ కింద స్థానిక అధికారికి రాతపూర్వకంగ ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండ్రి. మూడు నెలల్ల తేల్చాలె. తేల్చిన తీరు న్యాయంగ లేకుంటే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు పోవచ్చు. ఆ ఫిర్యాదు నమూనా తెలుగుల రాసి తెచ్చిన, బల్ల మీద పెట్టిన. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకపోండ్రి.