మోటారు బండికి నూనె మితము



వరాహ నదీతీరమున గల మన ఏటికొప్పాక లక్కబొమ్మలను ఎరుగనివారు అరుదు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. పనివారు అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కను దానికి అదిమి పట్టుదురు. ఒరపిడివలన పుట్టిన వేడికే లక్క కరగి కఱ్ఱకు పట్టుకొనును. బొమ్మకు మెఱుగు నిచ్చు ఆ ఒరపిడియే మోటారు ఇంజనుకు చేటు. నేడు నేను మనవి చేయదలచినది ఈ విషయమే.

కారు రోడ్డున పోవునపుడు ఇంజనులోని ఇరుసు నిమిషమునకు రమారమి 2,000 సారులు తిరుగును. ఇరుసునకును బేరింగులకును నడుమ పలుచని నూనెపొర యుండుటచేతనే లోహము లోహమును ఒరయదు. కందెన లేని ఎద్దుబండి ఇరుసు కీచుమని మొఱపెట్టెడిది. ఇంజను అట్లు ముందుగా చెప్పదు. నూనె మిక్కిలి తగ్గినచో పంపు గాలిని పీల్చును, పొర తెగును, బేరింగులు అరిగి కడకు ఇంజను బిగిసిపోవును. రాత్రివేళ రోగిని నర్సీపట్నము ఆసుపత్రికి గొనిపోవు త్రోవలో అట్లు జరిగినచో, ఆ నష్టము డబ్బుతో తీరునది కాదు.

ఎఱ్ఱదీపము వెలిగినపుడు చూతమని కొందఱందురు. సాధారణముగా ఆ దీపము తెలుపునది నూనె ఒత్తిడి పడిపోయినదని. అది వెలిగినచో వెంటనే బండి నిలిపి ఇంజను ఆపవలెను. ఊరు చేరుదమని నడుపరాదు.

పరీక్ష సులభము. బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, నూనె అడుగునకు దిగువఱకు 10 నిమిషములు ఆగుడు. డిప్‌స్టిక్కు అను కొలతపుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దింపి తీయుడు. నూనె తడి రెండు గుర్తుల నడుమ నుండవలెను. తగ్గినచో, బండి పుస్తకమున చెప్పిన రకమునే కొంచెము కొంచెముగా పోసి మరల చూడుడు.

ఎక్కువైన నేమి యనరాదు. పై గుర్తు మించినచో ఇరుసు నూనెను కవ్వమువలె చిలికి నురుగెత్తించును. గాలి నిండిన నురుగు పొరను నిలుపజాలదు. డీజిలు బండిలో నూనె త్వరగా నల్లబడుట సహజము. పాలవలె తెల్లబడినచో మాత్రము నీరు కలిసినదేమోయని మెకానిక్కునకు చూపవలెను.

పక్షమున కొకమారు, దూరప్రయాణమునకు ముందొకమారు ఈ పరీక్ష చేయుట మంచిది. బండి నడుపు కుమారులకును మనుమలకును ఈ అలవాటు నేర్పుట ఇంటి పెద్దల పని. ఇంజను విప్పి కట్టించు వ్యయము నెదుట ఒక లీటరు నూనె వెల ఏపాటిది?