సెఫ్ట్రియాక్సోన్: పనితీరు, వాడకం, జాగ్రత్తలు

ఈ పాఠంలో సెఫలోస్పోరిన్ల కుటుంబానికి చెందిన సెఫ్ట్రియాక్సోన్ గురించి తెలుసుకుందాం. ఢిల్లీలో సాకేత్‌లోని పెద్ద ఆసుపత్రుల్లోనైనా, మన జిల్లా ఆసుపత్రుల్లోనైనా వైద్యులు వాడే ముఖ్యమైన ఇంజెక్షన్ ఇది.

1945లో ఇటలీకి చెందిన బ్రోట్జు, సార్డీనియా దీవిలో మురుగునీరు సముద్రంలో కలిసేచోట ఒక బూజును గుర్తించాడు. అది టైఫాయిడ్ క్రిములను ఎదగనివ్వలేదు. 1950లలో ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, న్యూటన్ దాని నుండి సెఫలోస్పోరిన్-సిని వేరుచేశారు. ఆ అణువులో మార్పులు చేయగా వచ్చిన మూడో తరం మందు సెఫ్ట్రియాక్సోన్.

ఇది ఎలా పనిచేస్తుంది? బాక్టీరియా చుట్టూ గట్టి కణకవచం ఉంటుంది. దానిని నిర్మించే ఎంజైములకు ఈ మందు అతుక్కొని వాటి పనిని ఆపేస్తుంది. కవచం బలహీనపడి బాక్టీరియా పగిలిపోతుంది. వైరస్‌లకు ఆ కవచమే లేదు. కనుక జలుబుకు ఈ మందు పనిచేయదు.

పేగులు దీనిని పీల్చుకోలేవు. అందుకే నరానికో, కండరానికో ఇస్తారు. రక్తంలో మందు సగానికి తగ్గడానికి దాదాపు 8 గంటలు పడుతుంది కాబట్టి చాలా జబ్బులకు రోజుకు ఒక్కసారి సరిపోతుంది. టైఫాయిడ్, న్యుమోనియా, గనేరియాలలో వాడతారు. మెనింజైటిస్‌లో పెద్దలకు సాధారణంగా 12 గంటలకొకసారి 2 గ్రాములు ఇస్తారు.

మందు మూత్రంలోనూ, పైత్యరసంలోనూ బయటకు పోతుంది. కాల్షియంతో కలిసి పిత్తాశయంలో మడ్డిలా పేరుకోవచ్చు. నవజాత శిశువులకు కాల్షియం ఉన్న ద్రవాలతోపాటు ఇస్తే ప్రాణాపాయం. కామెర్లున్న శిశువులకు అసలు ఇవ్వరాదు. గతంలో పెన్సిలిన్ పడక తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే వైద్యునికి ముందే చెప్పండి.

ఇష్టం వచ్చినట్లు వాడితే మందును ఛేదించే ఎంజైములున్న బాక్టీరియాలే మిగిలి పెరుగుతాయి. అలాంటి ఒక ఎంజైము ఎన్‌డీఎం-1. 2008లో స్వీడన్‌లో, అంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందిన ఒక రోగిలో దీనిని కనుగొన్నారు. దాని పేరులోనే న్యూఢిల్లీ ఉంది. 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51, కుళాయి నీటి నమూనాలు 50లో 2 ఈ జన్యువును చూపాయి. మందు పుట్టినది మురుగునీటి చెంత. దానిని ఓడించే జన్యువూ అలాంటి నీటిలోనే దొరికింది.

అందుకే 2014 మార్చి 1 నుండి ఈ మందు హెచ్-1 షెడ్యూలు కిందకు వచ్చింది. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మిన వివరాలను దుకాణదారు మూడేళ్ళు భద్రపరచాలి. మీరూ చీటీ లేకుండా అడగకండి. మొదలుపెట్టిన కోర్సును వైద్యుడు చెప్పకుండా మధ్యలో ఆపకండి. రేపు మీ ఇంట్లో ఎవరికైనా మెనింజైటిస్ వస్తే, ఈ మందు పనిచేసే స్థితిలో ఉండాలి కదా!