పఠనబోధనము – బాలసాహిత్యము

నేడు పట్టములందుకొని రేపు బడిపిల్లల యెదుట నిలువబోవు ఉపాధ్యాయ మిత్రులారా!

అక్షరములును గుణింతములును నేర్చి, వాక్యమును తడబడక అప్పగింపగల పిల్లవాడు, వాచకమును మూసిన పిమ్మట మరియొక పుస్తకమును ముట్టకున్నచో, వానికి చదువు వచ్చినదని నేనొప్పుకొనజాలను. చదువవలెనను కోరికను పుట్టించుటయే పఠనబోధనమున ప్రధానకార్యము. ఆ శక్తి బాలసాహిత్యమునకున్నంతగా వాచకమునకు లేదు.

గుజరాతునందలి భావనగరమున 1920లో బాలమందిరమను పిల్లల బడిని నెలకొల్పిన గిజుభాయి బధేకా, తన ‘దివాస్వప్న’మను గ్రంథమున ఒక ఉపాధ్యాయుని కల్పించి, అతనికి నాలుగవ తరగతిని అప్పగించెను. తొలినాడు పిల్లలచేత మౌనము పాటింపజేయ నతడు పూనిన యత్నమంతయు వారి గోలలో కలిసిపోయినది. మరునాడు కథ నారంభింపగా ఆ పిల్లలే చెవులొగ్గి కూర్చుండిరి. కథ వినిన పిల్లలు కథల పుస్తకములకై చేతులు చాచుటయు, తరగతిలోనే చిన్న గ్రంథాలయము వెలయుటయు పిదప జరిగిన ముచ్చట.

కథయే చదువుమీద కోరిక పుట్టించుననుటకు మన తెలుగునాట నిదర్శనము వెదుకనక్కరలేదు. 1945లో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ పత్రికను, 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ‘చందమామ’ పత్రికను వెలువరించిన నాటినుండి, ధారావాహికయొక్క తరువాయి భాగమునకై నెలపొడుగున ఎదురుచూచి, పంక్తివెంబడి వ్రేలు కదుపుచు, తెలియని మాటను ముందువెనుకల మాటలనుబట్టి గ్రహించుచు, ధారాళముగా చదువనేర్చినవారెందరో!

కావున దినమునకొక పావుగంట కథను పైకి చదివి వినిపింపుడు. అది బేతాళకథయైనచో, బేతాళుడు ప్రశ్న వేసినచోట పుస్తకము మూసి, విక్రమార్కుడేమి చెప్పునో పిల్లలను వాదించుకొననిండు; మిగిలిన భాగమును వారే చదువుకొనునట్లు పుస్తకమును వారికందు బల్లపై వదలుడు. కథ ముగియుటయే తడవుగా ఇందలి నీతి యేమని నిలదీయకుడు. ఆ ప్రశ్నకు జడిసి కథనే విసర్జించిన పిల్లలు కలరు. పై తరగతులవారికి జంతుకథలు చాలవు. తమ యీడువారి సుఖదుఃఖములు వారికి కావలయును. జపానుదేశపు తొత్తోచాన్ అను బాలిక కథ ‘రైలుబడి’యను పేర తెలుగున లభించుచున్నది గదా!

పుస్తకము చినిగినచో లెక్క చెప్పవలసివచ్చునని బీరువాకు తాళము వేయు అలవాటు మన బడులలో నేటికిని పోలేదు. ఇది పిల్లలకు జరుగుచున్న అన్యాయము. చినిగిన పుటలను పిల్లలచేతనే అంటింపవచ్చును. మిత్రులారా, మీరు చేరిన బడిలో మొదటి వారముననే ఆ తాళపుచెవిని అడిగి తీసికొనుడు.