గాలానికి చిక్కిన చేప పెనుగులాట

వానాకాలంలో సముద్రం నుంచి కోల్‌కతా పక్కనున్న హుగ్లీ నదిలోకి ఇలిష్ చేప ఎదురీదుతూ వస్తుంది. గోదావరి వాళ్లకు ఇదే పులస. చలిదేశాల సాల్మన్ కూడా ఇలాగే గుడ్లు పెట్టడానికి నదికి వస్తుంది. పులస నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది కనుక దాన్ని వలతోనే పడతారు. సాల్మన్ మాత్రం నదిలో మేత దాదాపు మానేసినా, ఈకలు కట్టిన గాలాన్ని కరుస్తుంది!

కరిచాక వాలుకు దూసుకుపోతుంది, పైకి ఎగురుతుంది, ఒక్కోసారి నది అడుగున బిగుసుకుపోతుంది. చూసేవారు దీన్ని రోషమంటారు. నిజానికి ఇది కండరాల పని. నిదానంగా ఈదేందుకు ఎర్ర కండరాలు చాలు. పెనుగులాడేటప్పుడు తెల్ల కండరాలు ఆక్సిజన్ లేకుండానే గ్లైకోజెన్‌ను ఖర్చు చేస్తాయి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ నిల్వ నిమిషాల్లో తరిగిపోతుంది. మళ్లీ నిండడానికి గంటలు పడుతుంది. చేప పక్కకు ఒరగడం అందుకే.

కోల్‌కతా చెరువుల్లో గాలానికి పడే రుయి, అంటే మన శీలావతి, శరీరధర్మం కూడా ఇదే. పైగా ఇక్కడ నీరు వేడి. 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. అలసిన చేపకు కావలసిందే అది!

వదిలేయదలచిన చేపను ఎక్కువసేపు ఆడించకూడదు. ఫొటో కోసం గాలిలో ఎత్తి పట్టుకుంటే మొప్పల రేకులు అతుక్కుపోయి ఊపిరాడదు. తడిచేతులతో, నీటిలోనే నిలువుగా పట్టుకుని, తనంతట తాను కదిలేదాకా ఆగాలి. అలా ఈదుకుంటూ వెళ్లినవాటిలోనూ కొన్ని గంటల తరవాత చనిపోతాయి.