మాంద్యకాలపు పన్ను రాయితీలు – శాఖా సంఘాల కర్తవ్యం

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదాయపు పన్ను ప్రస్తావన రాగానే సభలో సగంమంది గడియారం చూసుకుంటారు. అది జీతాల సెక్షన్‌వారి పని అనీ, మనకు పట్టనిదనీ ఒక భావన స్థిరపడిపోయింది. ఆ భావన ఖరీదు ఎంతో 2020 సంవత్సరపు లెక్కలు తీస్తే తెలుస్తుంది.

ఆ సంవత్సరం ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి, ముందటి ఏడాది అవే నెలలతో పోల్చినచో, దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఏప్రిల్ 23న కేంద్ర ప్రభుత్వం కరువు భత్యాన్ని స్తంభింపజేసింది. మూడు వాయిదాలు ఆగిపోయాయి. 17 శాతం దగ్గర నిలిచిన భత్యం 2021 జులైలో 28 శాతానికి చేరింది గాని, నడుమ 18 నెలల బకాయి చెల్లించలేదు. దానిపై మన వైఖరి మీ అందరికీ తెలిసినదే. నేటి విషయం అది కాదు. ఒక చేత్తో ఇంత తీసుకున్న ప్రభుత్వం మరో చేత్తో కొన్ని పన్ను వెసులుబాట్లు ప్రకటించింది. అవైనా మనవారికి దక్కాయా? ఇదీ నేటి ప్రశ్న.

ఒక్క వెసులుబాటును నిదానంగా పరిశీలిద్దాం. 2019–20 ఆర్థిక సంవత్సరానికి పొదుపులు, విరాళాలపై మినహాయింపు కోరే గడువు మామూలుగా 2020 మార్చి 31తో ముగియాలి. దానిని మొదట జూన్ 30 వరకు, ఆపై జులై 31 వరకు పెంచారు. ఏప్రిల్‌లో జీవిత బీమా ప్రీమియం కట్టినా, పి.ఎం. కేర్స్ నిధికి ఒకరోజు వేతనం ఇచ్చినా, దానిని గత సంవత్సరపు ఆదాయం నుండి తగ్గించుకొనవచ్చును. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. ఆఫీసువారు ఇచ్చే ఫారం 16 మార్చి నెలాఖరు వరకు జరిగిన జీతపు లెక్క. ఏప్రిల్ తరువాత కట్టినది అందులోకి ఎక్కదు. ఉద్యోగి తానుగా రిటర్నులో చూపితేనే ఆ మినహాయింపు వస్తుంది. "పన్ను జీతంలోనే కోసేశారు, ఫారం చేతికి వచ్చింది, ఇంకేమున్నది" అనుకొన్నవారికి గడువు పెంచినా పెంచకపోయినా ఒకటే.

నష్టం కొద్దిపాటిది అనుకోవద్దు. లెక్క వేసి చూడండి. పన్ను విధించదగిన ఆదాయం 5 లక్షలు దాటనివారికి ఆ ఏడాది 12,500 రూపాయల వరకు రిబేటు ఉన్నది; అనగా పన్ను శూన్యం. మన ట్రాక్‌మన్ సోదరునికి ఆ ఆదాయం 5,01,500 రూపాయలు వచ్చిందనుకుందాం. సెస్సుతో కలిపి 13,310 రూపాయలు కోసేస్తారు. అతడు ఏప్రిల్‌లో ఇచ్చిన ఒకరోజు వేతనం 1,500. ఆఫీసు ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా దానిని రిటర్నులో చూపినచో ఆదాయం సరిగ్గా 5 లక్షలకు దిగుతుంది. ఆ 13,310 రూపాయలూ తిరిగి వస్తాయి. చూపకపోతే ఒక్క పైసా రాదు. విరాళం ఇచ్చినందుకు దండలు వేసే వారుంటారు గాని, ఈ ముక్క చెప్పేవారు ఉండరు!

రిటర్ను గడువును కూడా జులై నుండి నవంబరుకు, అక్కడ నుండి డిసెంబరుకు, చివరకు 2021 జనవరి 10కి జరిపారు. సమయం లేక ఎవరూ నష్టపోలేదు. పక్కన కూర్చొని రాయించేవారు లేక నష్టపోయారు.

ఇంతకంటె బాధాకరమైనది మరణించినవారి కుటుంబాల విషయం. విధి నిర్వహణలో కోవిడ్‌తో మరణించిన తపాలా ఉద్యోగుల కుటుంబాలకు, గ్రామీణ డాక్ సేవకుల కుటుంబాలతో సహా, 10 లక్షల పరిహారం 2020 ఏప్రిల్‌లో ప్రకటించారు. యజమాని ఇచ్చిన ఇట్టి మొత్తంపై పన్ను ఉండదని ప్రభుత్వం 2021 జూన్‌లో చెప్పింది. 2022 ఆర్థిక చట్టంలో దానిని పాత తేదీ నుండి వర్తింపజేశారు. కాని చనిపోయిన మనిషి పేరిట ఆ ఏడాది రిటర్ను ఎవరు వేయాలి? చట్టబద్ధ వారసులు పోర్టల్‌లో ప్రతినిధిగా నమోదు చేసుకొని వేయాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఇద్దరి పాన్ కార్డులు జతపరచాలి. జీతంలో కోసిన పన్ను వాపసు రావలసి ఉంటే ఇదొక్కటే దారి. ఆ తరువాత ఆమెకు వచ్చే కుటుంబ పింఛను జీతపు పద్దులోకి రాదు, ఇతర ఆదాయం కిందికి వస్తుంది. పాత పద్ధతిలో మూడో వంతు లేదా 15,000 రూపాయలు, ఏది తక్కువైతే అది మినహాయింపు. భర్తను పోగొట్టుకొన్న సోదరి ఇవన్నీ ఇంటర్నెట్ సెంటరులో అడిగి తెలుసుకోవాలా?

పదోన్నతి బకాయిలు ఒకేసారి వచ్చి పన్ను శ్రేణి పెరిగినవారికి 1961 చట్టంలోని 89వ సెక్షన్ ఉపశమనం ఇచ్చింది. అయితే ముందుగా ఫారం 10ఇ దాఖలు చేయాలి; అది లేక తిరస్కరణ నోటీసులు వచ్చినవి ఎన్నో. 1961 చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది గనుక, ఈ సంఖ్యలను పాత చట్టానివిగా గ్రహించి, కొత్తవి సరిచూసుకొని సభ్యులకు చెప్పగలరు.

శాఖలు చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పోర్టల్‌లో రిటర్ను వేయడానికి రుసుము లేదు. ఫారం 16లు వచ్చే జూన్ మధ్య నుండి ప్రతి ఆదివారం సంఘ కార్యాలయంలో ఇద్దరు యువ సభ్యులు, ఒక కంప్యూటరు ఉంటే చాలును. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం చూపించి వాపసు తెప్పిస్తామని వాటా బేరమాడే మధ్యవర్తులు మన క్వార్టర్ల చుట్టూనే తిరుగుతున్నారు. ఇట్టివారిపై 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపింది. మధ్యవర్తి జారుకుంటాడు, నోటీసు మన సభ్యుని పేరిట వస్తుంది. కనుక సంఘం బల్ల మీద రసీదు లేని అంకె ఒక్కటి కూడా ఎక్కరాదు.

2020, 2021లలో మరణించిన సభ్యుల జాబితా ప్రతి శాఖ వద్ద ఉన్నది. వాపసు ఆలస్యానికి మన్నింపు కోరే దరఖాస్తులకు 2024 అక్టోబరు సర్క్యులర్ అయిదేళ్ల హద్దు పెట్టింది. ఈ తరగతుల నుండి తిరిగి వెళ్లగానే ఆ జాబితా తెరిచి, ఏ ఇంటికి గడువు మిగిలి ఉన్నదో చూచి, మొదట ఆ ఇళ్లకు వెళ్లవలసిందిగా కోరుతున్నాము.