జిండబైన్ సరస్సు దగ్గర నాలుగు కాలాలు

 

టూంగాబీలోని మన కుటుంబాలు ఏటా జూలై సెలవుల్లో మంచు చూడటానికి జిండబైన్ వెళ్ళి, పిల్లలు నాలుగు మంచుముద్దలు విసురుకోగానే తిరిగి వచ్చేస్తాయి. మేమూ కొన్నేళ్ళు అంతే చేశాము. కొండల కింద ఉన్న సరస్సును కారు అద్దాల్లోంచి చూడటమే గాని దిగింది లేదు. కిందటేడు మాత్రం నాలుగు కాలాల్లోనూ వెళ్ళాము. ఆ సంగతులే ఈ సభకు మనవి చేస్తున్నాము.

గౌల్‌బర్న్, కాన్‌బెర్రా, కూమా మీదుగా సుమారు 450 కిలోమీటర్ల దారి. పులిహోర పొట్లాలు విప్పడానికి కూమాయే తగిన చోటని మా ఆడవారి తీర్మానం.

మొదట ఏప్రిల్‌లో వెళ్ళాము. ఆకులు పసుపెక్కి, గాలి చల్లగా ఉంది. పెద్దవాళ్ళు కూడా ఒడ్డు వెంట హాయిగా నడిచారు. ఇది దేవుడిచ్చిన సరస్సు కాదు. స్నోయీ నదికి కట్టిన ఆనకట్ట 1967లో పూర్తయింది. పాత జిండబైన్ ఊరు నీళ్ళ కిందికి పోయింది. జనాన్ని ఎగువన కట్టిన కొత్త ఊరికి తరలించారు. అదే 1967లో మన నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. అక్కడా లోయ మునిగింది, బౌద్ధ కట్టడాలను కొండమీదికి చేర్చారు. ఇది చెబుతుంటే, తాతల నాడే ఫిజీ చెరకు తోటలకు చేరిన కుటుంబంలో పుట్టిన మా పెద్దమ్మ, "వాళ్ళు సామానంతా తెచ్చుకోగలిగారా?" అని అడిగి, చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

చలికాలంలో ఏరుల్లో ట్రౌట్ పట్టడం నిషేధం గాని సరస్సులో పట్టుకోవచ్చు. పెద్దవాళ్ళు రుసుము కట్టి లైసెన్సు తీసుకోవాలి. బ్రౌన్ ట్రౌట్ ఐరోపా నుంచి, రెయిన్‌బో ట్రౌట్ ఉత్తర అమెరికా నుంచి తెచ్చినవి. అవీ మనలాగే వలస వచ్చినవే. మాకు దొరికినవి రెండే. పులుసు పెడితే ముక్క విడిపోయింది. వేపుడే మేలు.

అక్టోబరులో జరిగినది మరువలేము. ఎండ బాగా కాస్తోంది. ఈతకొలనులో చేపలా ఈదే మా కుర్రవాడు రాతిమీద నుంచి దూకాడు. మంచు కరిగి వచ్చిన నీరు! ఒక్కసారిగా ఊపిరి ఎగబట్టి, కేక కూడా వేయలేకపోయాడు. లైఫ్ జాకెట్ తొడుక్కున్న అన్న లాక్కొచ్చాడు కాబట్టి సరిపోయింది. చన్నీళ్ళలో పడగానే మనిషి తనకు తెలియకుండానే ఎగశ్వాస తీస్తాడు. నోరు నీళ్ళలో ఉంటే ఎంత ఈతగాడైనా ప్రమాదమే. కంగారుగా చేతులు కొట్టకుండా, ఊపిరి కుదుటపడేదాకా వెల్లకిలా తేలాలి. ఇది పిల్లలకు మీరే నేర్పండి.

జనవరిలో పడవలు, గుడారాలు. కాళ్ళలో సత్తువ ఉన్నవారు థ్రెడ్‌బోలో కుర్చీ లిఫ్ట్ ఎక్కి, అక్కడినుంచి కాలిబాటన 2228 మీటర్ల కోజియస్కో శిఖరానికి వెళ్ళివచ్చారు.

వచ్చే జనవరికి మళ్ళీ బయలుదేరుతున్నాము. మా దగ్గర లైఫ్ జాకెట్లు ఆరున్నాయి, పిల్లలవి చాలవు. ఎవరి ఇంట్లోనైనా ఉంటే, కొలతతో సహా, భోజనాల దగ్గర మాకు చెప్పండి.