పోర్ట్ తెరిచినా సర్వర్ కనిపించకపోతే

ఈ వారం మైన్‌క్రాఫ్ట్ సర్వర్ గురించి. పిల్లలు ఇక్కడ డాలస్‌లో, వాళ్ల కజిన్స్ హైదరాబాద్‌లో. ఇద్దరికీ కుదిరేది మన శనివారం పొద్దున్న, అంటే వాళ్ల రాత్రి. ఆ రెండు గంటలూ రౌటర్‌తో కుస్తీకే పోతే పిల్లల మొహాలు చూడలేం.

మామూలు పద్ధతి మీలో చాలామందికి తెలుసు. సర్వర్ నడిపే ల్యాప్‌టాప్‌కి రౌటర్‌లో ఒక ఐపీ ఖాయం చేసి, టీసీపీ 25565 పోర్ట్‌ని దానికి ఫార్వర్డ్ చేయడం. సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో సర్వర్-ఐపీ అన్నచోట ఏమీ రాయకండి. అక్కడ ఇంటి పబ్లిక్ ఐపీ రాస్తే సర్వర్ అసలు లేవదు.

మా ఇంట్లో ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా హైదరాబాద్ నుంచి కనెక్ట్ అవదు! అందుకే నేను చెప్పేదేంటంటే, పోర్ట్ జోలికి వెళ్లకముందే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. దాన్ని "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే వచ్చేదానితో పోల్చండి. రెండూ వేరైతే, ముఖ్యంగా వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే వీధి నంబరు ఉన్నట్టు, చాలా ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ. బయటి తలుపు కంపెనీ చేతిలో ఉంటుంది, మన రౌటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా లాభం లేదు. ఆ నంబర్లను 2012లో ఇందుకోసమే పక్కన పెట్టారు. ఉత్తర అమెరికాలో పంచిపెట్టడానికి ఉన్న ఐపీవీ4 నిల్వ 2015 సెప్టెంబర్‌లో ఖాళీ అయిపోయింది మరి.

దారులు ఉన్నాయి. కంపెనీని పబ్లిక్ ఐపీ అడగడం ఒకటి, మాకైతే ఇవ్వమన్నారు. ఇక నాకు నచ్చింది టెయిల్‌స్కేల్. రెండు వైపులా ఇన్‌స్టాల్ చేస్తే చాలు, పోర్ట్ తెరిచే పనే లేదు. అది కూడా 100తో మొదలయ్యే ఐపీలే ఇస్తుంది, కంగారు పడకండి.

సీజీన్యాట్ లేనివాళ్లు పోర్ట్ తెరిస్తే వైట్‌లిస్ట్ తప్పకుండా పెట్టండి. 2021 డిసెంబర్‌లో లాగ్4జే లోపం బయటపడినప్పుడు, చాట్‌లో ఒక్క లైను టైప్ చేసి సర్వర్‌ని చేజిక్కించుకోగలిగారు. 1.18.1లో సరిచేశారు, పాత వెర్షన్లు నడపకండి. డీఎంజెడ్ మాత్రం వద్దే వద్దు.

ఇంకోటి, అక్కడి పిల్లల దగ్గర ఉన్నది ట్యాబా, కంప్యూటరా అని ముందే అడగండి. ట్యాబ్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. దాని పోర్ట్ 19132, అదీ యూడీపీ. జావా సర్వర్‌కి అది నేరుగా కలవదు.